సొట్ట తీసిన బంపరు

“మధ్య ముక్క ఏదిరా?”

శాంతరాజు ఆ మాట అడగడం అది మూడవసారి. మొదటి రెండుసార్లు పెదవులు మాత్రమే కదిలినవి. మూడవసారి అరిచినాడు. పందిరికి ఆకులు కడుతున్నవారి చేతులు ఆగిపోయినవి. పొయ్యిల దగ్గర పెండ్లి పాయసానికి బెల్లం పగలగొడుతున్న సారమ్మ, చేతిలోని సుత్తెను దింపడం కూడ మరచి వాకిటిలోకి వచ్చింది.

పద్దెనిమిదేండ్లుగా ఆమె భర్త గొంతు ఆ వాకిటిలో అంత ఎత్తున లేవలేదు.

“నాయినా, ముందుగాల జెర దూరం నిలవడి చూడు,” అన్నాడు కొడుకు సిలాసు. వాని చేతిలో తుడుపుగుడ్డ ఇంకా ఉన్నది. ముఖంలో మాత్రం ఇంతకు ముందున్న వెలుగు లేదు. చెల్లెలు లీయా పెండ్లి రేపు. ఇంజను పని ఉన్నదని చెప్పి నాలుగు దినాల కింద తోలుకొనిపోయిన పాత ఆస్టిన్ కారును వాడు ఆ ఉదయమే దుప్పటి కప్పి తెచ్చినాడు. అందరూ చూస్తుండగా ఇప్పుడే ఆ దుప్పటిని లాగినాడు.

నల్లని కారు ముందర, ఈ కొసనుండి ఆ కొసదాక దూలమువలె అడ్డముగా ఉండిన ఇనుప బంపరు లేదు. దానిని నడుమ కోసివేసి, రెండు చివరలను మాత్రము సన్నగా సానబట్టి, వంపు తిప్పి, నికెలు పూత పూయించి, దీపాల కింద చెరియొక వైపున బిగించినారు. ఎండ వాటిమీద పడి కండ్లలో గుచ్చుతున్నది.

“హైదరాబాదుల పెండ్లికార్లన్ని గిట్లనే ఉన్నయి. ఇదివరకు ఎట్లుండె? కాడి మెడమీదేసుకున్న ముసలెద్దు లెక్క. ఇప్పుడు జూడు, మీసం దువ్వుకొని నిలవడ్డ దొర లెక్క లేదా?”

పందిరి కింద ఎవరో నవ్వినారు. శాంతరాజు నవ్వలేదు. ఆ రెండు మీసాల నడుమనున్న ఖాళీలోకి చెయ్యి చాచినాడు. చాచిన చేతికి గాలి తప్ప మరేమీ తగలలేదు.

“ముక్క?”

“లతీఫు మిస్త్రీ కొట్టులున్నది. సొట్టవడ్డ ఇనుము, నాయినా. దాన్ని ఏం జేసుకుంటం?”

శాంతరాజు భుజంమీది తువ్వాలు నేలకు జారింది. దాని వెనుకనే మనిషి కూడ జారినట్లు, చక్రానికి వీపు ఆనించి కూలబడినాడు.

ఆ సొట్ట సంగతి ఎరుగని క్రైస్తవ కుటుంబము బీదరులో లేదు. బీదరు మైసూరు రాష్ట్రములో కలిసిన ఏడాది చలికాలమది. శాంతరాజు అప్పుడు మిషను ఆసుపత్రి డాక్టరమ్మకు డ్రైవరు. కమఠాణ సంతకు ఎడ్ల బేరానికి వచ్చిన కుశనూరు రైతు దుర్గప్పను ఒక సాయంత్రము కారుతో గుద్దితినని, అతడే ఠాణాకు పోయి ఒప్పుకొన్నాడు. బంపరు నడుమనున్న జొన్నరొట్టెంత సొట్టయే అందుకు రుజువు. దుర్గప్పకు ఎడమకాలు పోయినది. శాంతరాజుకు ఆరు నెలల జైలు. ఆ వెనుక ఉద్యోగము లేదు. మనిషి రక్తమంటిన బండి ఎక్కనని, స్వదేశానికి పోవునప్పుడు డాక్టరమ్మ ఆ కారును అతనికే విడిచిపోయినది.

నాటినుండి అతడు కారును అద్దమువలె తుడిచేవాడు గాని, సొట్టను బాగుచేయనిచ్చినవాడు కాడు. బంపరు తుడిచేటప్పుడు అక్కడికి రాగానే చెయ్యి ఆగేది, తల దిగేది. గుడిలో చివరి బల్ల అతనిది. భోజనము ముందు ప్రార్థన సారమ్మదే.

“మంచి పనే జేసిండు నా కొడుకు,” అన్నది సారమ్మ. “ఆ సొట్టను రేపు పెండ్లిల గూడ ఊరంత చూడాల్నా? నువ్వు జేసిన పాపాన్ని నా బిడ్డ ముందల ఊరేగించాల్నా?”

“సారమ్మా, నీకు తెల్వదు.”

“ఏం తెల్వదు నాకు? నువ్వు ఠాణాల కూసున్ననాడు లీయా నా కడుపుల ఆరు నెలల పిండం. బాయికాడికి పోతె ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకుండ్రు. అది తెల్వదా? జైలు బువ్వ తిన్న చెయ్యి నా బిడ్డను ముట్టొద్దని అన్ననాడు నువ్వు ఒక్క మాటన్న ఎదురు చెప్పినవా?”

చెప్పలేదు. పోయిన ఆదివారము గుడి పెద్దల ఎదుట ఆమె మరల అదే అన్నప్పుడు కూడ అతడు పలుకలేదు. పెండ్లికూతురి చెయ్యి పట్టుకొని బలిపీఠము దాక నడిపించేది తండ్రి కాదు, మేనమామ సొలొమోను అని ఆ దినమే తీర్మానమైనది.

సొలొమోను సారమ్మకు తమ్ముడు. తల్లి లేని పిల్లవానిని ఆమె తన కంచములోని ముద్ద పెట్టి పెంచినది. ఇప్పుడు పేరున్న బోధకుడు. పాపపు ఒప్పుకోలును గురించి ఆయన ప్రసంగించితే కరడుగట్టిన గుండెలు సైతము కరుగుతవని జిల్లాలన్నీ చెప్పుకొంటవి. మధ్యాహ్నపు బస్సుకు రావలసియున్నాడు. పెండ్లిపిల్లల నోరు తీపిచేసే బెల్లపు అచ్చును మేనమామ చేతితో పగలగొట్టించడం ఆ ఇంటి ఆచారము. ఆ అచ్చు ఒకటి ఎర్రగుడ్డలో వేరుగా కట్టి ఉన్నది.

సిలాసు తండ్రి ముందర మోకరించినాడు. “నాయినా, ఆ సొట్ట తుడిచినప్పుడల్ల నీ తల కిందికి వోతది. చెల్లె పెండ్లినాడన్న నీ తల ఎత్తాలె అనుకున్న. గంతే నాయినా.”

శాంతరాజు కొడుకు తలమీద చెయ్యి వేసినాడు. కాని అతని మనస్సు అక్కడ లేదు.

“మిస్త్రీ దాన్ని మంచిగ చూసిండా?”

“చూడకుంటె ఎట్ల కోస్తడు?”

“అట్ల గాదు. రంగు గీకిండా?”

సారమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచినది. పోయిన వస్తువు కోసము ఏడ్చేవాడు అడిగే ప్రశ్న కాదది. దాచిన వస్తువు కోసము భయపడేవాడు అడిగే ప్రశ్న.

అంతలో ఊతకర్ర చప్పుడు వినబడినది.

“ఏందన్నా, పెండ్లి నీ బిడ్డదైతె అత్తగారింటికి నువ్వు వోతున్నట్టు గా మొఖమేంది?” అనుచు దుర్గప్ప వాకిటిలోకి వచ్చినాడు. ఏటేట జొన్న కోతలు కాగానే ఒక మూట కొత్తజొన్నలతో అతడు కుశనూరునుండి వచ్చేవాడు. వచ్చి, పీట వేసినా కూర్చునక, ఆ బంపరు మీదనే కూర్చునేవాడు. నా కాలు తిన్న ఇనుము నన్ను మొయ్యకుంటె ఎట్ల, అని నవ్వేవాడు. కాలు తీసినవాడూ కాలు పోయినవాడూ పక్కపక్కన అంబలి తాగుట చూచి ఆ వీధి మొదట విస్తుపోయినది; పిమ్మట అలవాటు పడినది.

ఆనాడు కూడ అతడు చూడకుండనే వెనుకకు తిరిగి, కూర్చుండుటకు ఒరిగినాడు. సిలాసు ఎగిరి పట్టుకొనకపోతే వెల్లకిల పడేవాడే.

“అరెరె! నా కుర్సీ ఏది? పెండ్లి కర్సులకు అమ్ముకున్నరా ఏంది?”

అందరూ నవ్వినారు. దుర్గప్ప తిరిగి శాంతరాజు ముఖము చూచినాడు. అతని నవ్వు ఆగినది.

“పోనీతీ అన్నా,” అన్నాడు మెల్లగా. “పోతె పోయింది. మంచిదే ఆయె.”

ఆ మెల్లని మాట సారమ్మ చెవిని పడినది. ఏమి మంచిది? ఎవరికి మంచిది? అడుగబోయినది. వీధి మలుపులో సైకిలు గంట మ్రోగినది.

వచ్చినవాడు లతీఫు మిస్త్రీ. తండ్రి నల్లలోహములో వెండితీగ పొదిగే బిద్రి పనివాడు. కొడుకు ఆ పని విడిచి బండ్ల రేకుపనిలో పడినాడు గాని, లోహమును గోటితో తడిమి చదివే విద్య మాత్రము వేళ్ళను విడువలేదు. సైకిలు వెనుక గోనెసంచిలో ఏదో బరువు. దించి, శాంతరాజు ముందర ఉంచినాడు.

“సలాం శాంతరాజు భాయి. ముక్కను తుక్కుల ఎయ్యనీకె నా మనసొప్పలే. నీతోని ఒక్క మాట మాట్లాడాలె. జెర పక్కకు రా.”

“సంచి ఆడ పెట్టి పో లతీఫు భాయీ. మాటలు పెండ్లయినంక.”

“పక్కకెందుకు?” అన్నది సారమ్మ. “నా ఇంట్ల నేను వినకూడని మాటేంది? చెప్పు మిస్త్రీ.”

లతీఫు ఆమెను, ఆమె భర్తను చూచినాడు. చెప్పకుండ పోదుననే అతని ఉద్దేశము. కాని పనివాని నాలుక ఒకటున్నది; తన విద్య కనిపెట్టిన సంగతిని అది ఎక్కువసేపు దాచలేదు. గోనెను విప్పినాడు.

“అమ్మా, ఈ సొట్ట మనిషిని గుద్దితె వడ్డది గాదు. చేతితోని చేసింది.”

పందిరికి ఆకులు కడుతున్నవారు మెడలు చాచినారు.

“ఏం మాట మిస్త్రీ?” అన్నాడు సిలాసు.

“నువ్వే చూడు బేటా. రంగు గీకినంక ఇనుము నీలంగున్నది. కాక పెట్టకుంటె నీలమెట్లొస్తది? నిప్పులల్ల పెట్టి ఎర్రగ కాల్చిండ్రు. కింద దాగలి, గదే కమ్మరి ఇనుపదిమ్మె, పెట్టుకొని సుత్తెతోని కొట్టిండ్రు. ఇగో, ఎనక దాగలి అంచు అచ్చు వడ్డది. ఆరు దెబ్బలు. పైన మల్ల రంగు రుద్దిండ్రు. మనిషి ఎముకకు ఇంత మందం ఇనుము లొంగుతదా? లొంగిందే అనుకో, నీలమైతదా?”

“బస్, చాలు భాయీ,” అన్నాడు శాంతరాజు.

“ఇంకొక్కటి. కొట్టిన సుత్తె మంచిది గాదు. దాని అంచు విరిగి ఉన్నది. ఆరు దెబ్బలల్ల ఆరుసార్లు గదే గుర్తు వడ్డది, ఒక పక్కకు, నెలవంక లెక్క.”

సారమ్మ తన చేతిలోనికి చూచుకొన్నది.

జైలునుండి వచ్చిన తరువాత శాంతరాజు పనిముట్లన్నిటినీ పంచిపెట్టినాడు. ఒక్క సుత్తెను మాత్రము ఆమె వంటింటికి తీసుకొన్నది. దాని ముఖము ఒక పక్కన విరిగియుండుట ఆమెకు కొత్త కాదు. పద్దెనిమిదేండ్లుగా ఆమె కొట్టిన ప్రతి బెల్లపు ముక్కమీదా ఆ నెలవంక పడుచునే ఉన్నది. ఆ ఉదయమునుండి కొట్టిన గంపెడు బెల్లములో ఎన్ని నెలవంకలో!

ఆమె నడిచివచ్చి ఆ ఇనుపముక్క ముందర కూర్చున్నది. సుత్తెను తిప్పి, సొట్టలోని ఒక గుంటలో ఆనించినది. పక్షి తన గూటిలో ఒదిగినట్లు అది అందులో ఒదిగినది.

రెండవ గుంటలోనూ ఒదిగినది. మూడవదానిలో పెట్టక, సుత్తెను ఒడిలోనికి దించుకొన్నది.

“బొగ్గులు,” అన్నది.

ఎవరికీ అర్థము కాలేదు.

“ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చెయ్యనీకె తెచ్చుకున్న బొగ్గుల బస్త. ఆ వారం ఖాలీ అయింది. నీతోని కొట్లాడిన నేను. దొంగలు వడ్డరా ఇంట్ల అని నోటికొచ్చినట్టు తిట్టిన. నువ్వు నవ్వినవు. తెల్లారి ఠాణాకు పోయినవు.” ఆమె తల ఎత్తినది. “నేను ఆసుపత్రిల పనికి పోయినంక, నా బొగ్గులతోని, నా వాకిట్లనే చేసినవా?”

శాంతరాజు చూపు ఆమె చేతిలోని సుత్తెమీదనే ఉన్నది.

“నువ్వు గుద్దలేదా ఆయనను?”

అతడు నేలమీది తువ్వాలును తీసి మడత పెట్టినాడు. విప్పి, మరల మడత పెట్టినాడు.

“సిలాసు నాయినా! నిన్నే అడుగుతున్న. గుద్దలేదా?”

“పెండ్లి రేపున్నది సారమ్మా. ఈ రెండు దినాలు పోనీ.”

“పద్దెనిమిదేండ్లు పోయినయి!” అన్నది ఆమె. ఆ కేకకు సిలాసు రెండడుగులు వెనుకకు వేసినాడు. “నీ చేతి నీళ్ళు తాగలే. బిడ్డను నీ ఒళ్ళెకు ఇయ్యలే. నీ ప్రార్థనకు పిల్లలను ‘ఆమేన్’ అననియ్యలే. తప్పు చెయ్యని మనిషివి, నోరు మూసుకొని ఎట్ల సైసినవు? నన్నెందుకు ఇంత పాపాత్మురాలిని జేసినవు?”

మౌనము దేవుని యెదుట ప్రార్థన కావచ్చును. ఇల్లాలి యెదుట అది ఒక్కొక్కప్పుడు కొరడా. ఆ సంగతి శాంతరాజు ఆ క్షణము వరకు ఎరుగడు.

సారమ్మ దుర్గప్పవైపు తిరిగినది. “అన్నా, నీకు తెలుసు. పోతె మంచిదే అన్నవు గద ఇందాక. చెప్పు.”

“దుర్గప్పా, మాట ఇచ్చినవు,” అన్నాడు శాంతరాజు.

“ఇచ్చిన. ఇచ్చి మోసిన గూడ.” దుర్గప్ప ఊతకర్రను ఒళ్ళో అడ్డము పెట్టుకొని, సిలాసు వేసిన పీటమీద కూర్చున్నాడు. “నా కాలు వోయింది గాని కండ్లు వోలేదు వదినమ్మా. నన్ను గుద్దిన బండి మీద గుడ్డ కప్పు ఉండె. కారుకు గుడ్డ కప్పుంటదా? అది జీపు.”

జీపు. ఆసుపత్రికి ఉండినది ఒకటే జీపు. దానిని తోలేవారు ఇద్దరే: ఒకరు శాంతరాజు, మరియొకరు, బావ పక్కన కూర్చుండి బండి నేర్చుకొంటున్న ఇరువదియేండ్ల సొలొమోను. ఆ దినము జీపు సొలొమోను చేతిలో ఉండినదని ఆసుపత్రి అంతయు ఎరుగును; అందుకే నేరము కారుమీద పడవలసివచ్చినది.

సారమ్మకు ఆ సాయంత్రము కండ్లయెదుట నిలిచినది. తమ్ముడు ఇంటికి వచ్చి, అన్నము వద్దని, జ్వరమని, గొంగడి కప్పుకొని వణికినాడు. మరునాటి తెల్లవారుజామున, రెండు దినాల తరువాత పోవలసినవాడు, ముందే వేదపాఠశాలకు బస్సెక్కినాడు. దేవుని పనికి ఎంత తొందర నా తమ్మునికి అని ఆమె పొంగిపోయినది.

“కోర్టుల నువ్వు చీకట్ల కనవడలేదంటివి,” అన్నది నెమ్మదిగా.

“ఏమనాలె మరి? మీ ఆయన నా మంచం కాళ్ళు వట్టుకున్నడు. పోరడు సువార్తకు పోతున్నడు, వాని పేరు చెడితె మా ఇంటిది బతకదు, కడుపుతోని ఉన్నది, అన్నడు. ఒకనాడు వాడే వచ్చి నీతోని చెప్తడు దుర్గప్పా, గా దినందాక ఆగు అన్నడు. సరే అన్న.” దుర్గప్ప ఆ ఇనుపముక్కను చూచినాడు. “ఏడాదికొకసారి వచ్చి దానిమీద కూసొని చూసిన. రేపొస్తడు, మాపొస్తడు అని. పద్దెనిమిది కోతలాయె. ఇగ రాడులే అనుకున్న.”

సారమ్మ ఏడువలేదు. ఏడ్చుటకు కావలసిన ఆధారము కూడ ఆమె కింద లేదు. తాను అసహ్యించుకొన్నది ఎవరినో, తాను పీట వేసి కూర్చుండబెట్టినది ఎవరినో, ఆ రెండు ముఖములు ఆమె లోపల ఒకదానిచోట మరియొకటి వచ్చి నిలుచుచున్నవి.

“రేపు నా బిడ్డ చెయ్యి,” అన్నది, ఎవరితోనో తెలియకుండ. “నేనే. అందరి ముందల నేనే చెప్పిన.”

వాకిట రిక్షా ఆగినది.

తెల్లని అంగీ, నూనె రాసి దువ్విన తల, చంకలో సంచి. సొలొమోను దిగినాడు. పందిరి చూచి చిరునవ్వు నవ్వినాడు. రెండు చేతులు చాచి అక్కవైపు నాలుగడుగులు వేసినాడు. అయిదవ అడుగు వేయుచు, చూపు కారు మీదికి పోయినది.

నవ్వు పెదవులమీదనే ఉన్నది. ముఖములోని రంగు మాత్రము వెళ్ళిపోయినది.

“బావా... ఆ సొట్ట ఏమైంది?”

అక్కను పలుకరించలేదు. పెండ్లికూతురు ఎక్కడని అడుగలేదు. బంపరు ఎంత అందముగా ఉన్నదో చూడలేదు.

“సొలొమోనూ, లోపలికి నడువు,” అన్నాడు శాంతరాజు, లేచి, తన శరీరముతో ఆ గోనెసంచిని మరుగుపరచుచు. “ఎండలవడి వచ్చినవు. నీళ్ళు తాగు.”

“జరుగు,” అన్నది సారమ్మ భర్తతో. ఆ మాటలో కోపము లేదు. చెయ్యి పట్టి అతనిని పక్కకు జరిపినది. పద్దెనిమిదేండ్లలో ఆమె ఆ చెయ్యి పట్టుకొనుట అదే మొదలు. శాంతరాజు ఎదురాడక పక్కకు జరిగినాడు.

ఆమె ఎర్రగుడ్డ తెచ్చి ముడి విప్పినది. మేనమామ కొట్టవలసిన బెల్లపు అచ్చును గోనెమీద, ఆ ఇనుపముక్క పక్కన పెట్టినది. సుత్తె పిడిని తమ్మునివైపు చాచినది.

“ఆచారం తప్పొద్దు తమ్ముడా. నీకోసమే ఆపిన. తీస్కో.”

సొలొమోను చెయ్యి చాచినాడు. అది పిడి దాక వచ్చినది. అక్కడ ఆయన చూపు బెల్లమును విడిచి, నీలముగా కమిలిన ఇనుము మీద పడినది. చెయ్యి అట్లే గాలిలో నిలిచినది.

“అక్కా, నువ్వు...”

“కొట్టు. కొట్టినంక, రేపు నా బిడ్డ చెయ్యి ఎవరు వట్టుకోవాల్నో, నీ నోటితోని నువ్వే చెప్పు.”

పీట కదిలిన చప్పుడైనది. దుర్గప్ప ఊతకర్ర మీద బరువు మోపి లేచినాడు. ఒంటికాలి మీద నిలబడి, పద్దెనిమిది కోతలు ఎదురుచూచిన ఆ ముఖమును రెప్ప వేయకుండ చూచుచున్నాడు.

“అమ్మా, మామ వచ్చిండా?” అనుచు, పసుపు ఆరని కాళ్ళతో లీయా గడప దాటినది.